వారం సామాను రెండున్నర కిలోల్లో

మోకాలి నొప్పి ఉన్నవాళ్లను అడిగి చూడండి, కొండ ఎక్కడం కంటే దిగడమే కష్టమంటారు. నాదీ అదే బాధ. ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ లోయకు వెళ్దామని మా అక్క కూతురు పట్టుబట్టినప్పుడు మా ఫిజియోథెరపీ ఆవిడ ఒకే మాట చెప్పింది: "వెళ్లండి గానీ, వీపు మీద ఆరు కిలోలకు మించి వద్దు." బ్యాగును కంచరగాడిద మీదకు ఎక్కించే వీలుంది. అయితే అలా ఎక్కిస్తే సాయంత్రం ఊరు చేరేదాకా అది మన చేతికి రాదు. మధ్యదారిలో వాన మొదలైతే రెయిన్‌కోటు దాని వీపు మీద, మనం వానలో. అందుకని మా బ్యాగులు మేమే మోసుకుందాం, ఏం తగ్గించాలో చూద్దాం అనుకున్నాం.

బట్టల్లో, స్లీపింగ్ బ్యాగులో తగ్గించేదేమీ లేదు. అక్టోబరులో అక్కడ రాత్రిళ్లు గట్టి చలి. దారిలో గంగాడ్, ఓస్లా ఊళ్లలో ఇళ్లలోనే పడక, రాత్రి భోజనం దొరుకుతాయి కాబట్టి టెంటు, స్టవ్వు అక్కర్లేదు. ఎలాగూ గ్యాస్ డబ్బాను విమానంలోకీ రానివ్వరు, రైల్లోకీ రానివ్వరు. ఇక మిగిలింది చిల్లర సామాను: పగటి తిండి, మందులు, సబ్బు, పేస్టు, నూనె, క్రీములు. చిల్లర అని తీసిపారేస్తాం గానీ, మొదటిసారి మంచం మీద పరిచి అంతా కలిపి తూస్తే నాలుగు కిలోల పైన తేలింది. పేస్టు ట్యూబు నూట యాభై గ్రాములు, కొబ్బరినూనె డబ్బా రెండు వందలు, నొప్పుల నూనె గాజు సీసా విడిగా మూడు వందలు.

నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. లెక్క తేలకుండా సర్దడం నాకు పడదు. బయల్దేరడానికి ముందు ఒక వారం పాటు నేను రోజూ వాడేవన్నీ తూచి రాసుకున్నాను. వంటింటి కాటా గ్రాము కంటే తక్కువ చూపించదు. అందుకని కంసాలి దగ్గర ఉండేలాంటి జేబు కాటా ఒకటి కొన్నాను, అది గ్రాములో పదో వంతు కూడా చూపిస్తుంది. సోమవారం పొద్దున ట్యూబు బరువు రాసుకోవడం, ఆదివారం రాత్రి మళ్లీ తూచడం. "ట్రెక్కుకు వెళ్తున్నావా, ఆడిట్‌కు వెళ్తున్నావా?" అన్నారు మా ఆయన.

తేలిన లెక్క చూస్తే నవ్వొచ్చింది. పేస్టు రెండు పూటలా కలిపి రోజుకు గ్రామున్నర. కొబ్బరినూనె రెండు గ్రాములు. ముఖానికి రాసుకునే క్రీము మూడు. షాంపూ సున్నా, ఆ చలిలో తలస్నానం చేసే ధైర్యం నాకు లేదు కాబట్టి. అంటే వారానికి పేస్టు పది గ్రాములు చాలు. మిగతా నూట నలభై గ్రాములను కొండ చూపించి తీసుకురావడమే.

సన్‌స్క్రీన్ దగ్గర మాత్రం లెక్క తిరగబడింది. హైదరాబాద్‌లో నేను రాసుకునేది పొద్దున ఒక్కసారి, అదీ నామమాత్రంగా. కొండ మీద ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. రెండు గంటలకోసారి ముఖం, మెడ, చేతుల వెనక మళ్లీ రాసుకోవాలి. అలా రాస్తే పూటకు ఎంత పడుతుందో ఇంట్లోనే రాసుకుని తూచాను. యాభై గ్రాముల ట్యూబు మొత్తం అవసరమే. బరువు తగ్గించాలన్న హుషారులో చాలామంది ముందు దీనికే కత్తెర వేస్తారు. దీని జోలికి పోకండి.

ఎంత కావాలో తెలిశాక దేంట్లో పట్టుకెళ్లాలన్న ప్రశ్న వస్తుంది. అంతా మొదట అనేది, "సాచెట్లు కొనుక్కోరాదూ?" అని. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ షాంపూను చిన్న ప్యాకెట్లలో అమ్మడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి మన దేశంలో సాచెట్‌లో దొరకనిదంటూ లేకుండా పోయింది. మా హబ్సిగూడ వీధి కొట్టులో కాఫీపొడి, ఊరగాయ, తేనె, టొమాటో సాస్, బట్టల సబ్బుపొడి, అన్నీ దండల్లా వేలాడుతుంటాయి. ఒక్క వాడకానికి సాచెట్‌ను మించింది లేదు. చిక్కంతా దాని కొలత కంపెనీ పెట్టిన కొలత కావడంతోనే. విప్పాక మూయలేం. అయిదారు మిల్లీలీటర్లలో నాకు కావాల్సింది రెండయితే మిగతాది బ్యాగులో కారుతుంది. ఇంకో చిక్కు, చింపినప్పుడు ఊడొచ్చే ఆ మూల ముక్క. గోరంత ఉంటుంది, గాలికి ఎటు పోతుందో తెలియదు. తర్వాత దారిలో చూశాను, రాళ్ల సందుల్లో పెద్ద చెత్త కంటే ఈ మెరిసే మూల ముక్కలే ఎక్కువ.

విదేశీ ట్రెక్కర్లు చెప్పే చిట్కా ఒకటుంది. ప్లాస్టిక్ స్ట్రాను అంగుళం ముక్కలుగా కోసి, ఒక కొస కాల్చి అంటించి, అందులో ఉప్పో, ఆయింట్‌మెంటో నింపి రెండో కొస కూడా అంటించేస్తారు. ఆలోచన బాగుంది. మన దగ్గర 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం. జ్యూస్ బండి అబ్బాయి ఇచ్చే కాగితం స్ట్రాను కాలిస్తే అంటుకోదు, మండుతుంది. మా అక్క కూతురు ఎక్కడో పాత ప్లాస్టిక్ స్ట్రాల కట్ట వెతికి పట్టుకుంటానంది. "ఎందుకే, మన రామంతపూర్ ఉండగా?" అన్నాను.

రామంతపూర్‌లో ప్రభుత్వ హోమియో కాలేజీ ఉంది. మా వైపు వాళ్లకు హోమియో మందుల షాపులు కొత్తేమీ కాదు. చిన్నప్పుడు ఆ తెల్లటి తియ్యటి మాత్రలు వేసి ఇచ్చే చిట్టి సీసాలు గుర్తున్నాయి కదా, వాటిని డ్రామ్ లెక్కన అమ్ముతారు. ఒక డ్రామ్ అంటే సుమారు 3.7 మిల్లీలీటర్లు. అర డ్రామ్, ఒకటి, రెండు, ఇలా వరసగా ఉంటాయి. ప్లాస్టిక్‌వి అయితే ఖాళీది గ్రాము, రెండు గ్రాములకు మించి తూగదు.

"ఏ మందుకమ్మా?" అని అడిగాడు షాపాయన.

"మందుకు కాదండీ. నూనె, పళ్ళపొడి, క్రీము పోసుకోవడానికి."

ఆయన ఒక నిమిషం ఆలోచించి, నేను తీసిన సీసాల్లో సగం వెనక్కి పెట్టేశాడు. "ఇవి మాత్రల సీసాలమ్మా. పొడికి సరిపోతాయి గానీ నూనె పోస్తే మూత దగ్గర చెమ్మ తేలుతుంది. ద్రవానికి ఇవి తీసుకోండి," అని మూత కింద చిన్న బిరడా, దానికి సన్నటి చుక్క రంధ్రం ఉన్న పది మిల్లీలీటర్ల సీసాలు తీసిచ్చాడు. ఆయన మాట నిజమేనని ఇంటికొచ్చి తేల్చుకున్నాను. రెండు రకాల్లోనూ పసుపు కలిపిన నూనె పోసి, టిష్యూ కాగితం మీద రాత్రంతా తలకిందులుగా నిలబెట్టాను. పొద్దునకి మాత్రల సీసా కింద పచ్చటి వలయం, చుక్కల సీసా కింద కాగితం తెల్లగా.

నొప్పుల నూనెకు ఇంకో దారి దొరికింది. మోకాలికి రాసుకోవడానికి చేతులు జిడ్డు చేసుకోనక్కర్లేకుండా అత్తరు సీసా అయితే బాగుంటుందనిపించింది, అదే, మూతి దగ్గర గుండు తిరిగేది. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీలో అత్తరు దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడ 3, 6, 12 మిల్లీలీటర్ల సీసాలు మామూలు. పన్నెండుదాన్ని తులం సీసా అంటారు. "ఖాలీ షీషీ కాయ్కు అమ్మా, ఊద్ దేఖో, మజ్మువా దేఖో," ఖాళీ సీసాలెందుకు, అత్తర్లు చూడమ్మా అంటూ దుకాణం పెద్దాయన నా మణికట్టు మీద నాలుగు రకాలు పూశాకే ఖాళీ సీసాలు ఇచ్చాడు. గాజుది కాబట్టి లోపలి నూనె కంటే సీసా బరువే ఎక్కువ. కాటా ముందు ఓడిపోయే వస్తువే. అయినా పట్టుకెళ్లాను. దిగే దారిలో ఆగి, బ్యాగు దించకుండా, ప్యాంటు మడిచి మోకాలి చుట్టూ దొర్లించుకోవడం ఎంత సుఖమో మోకాలున్నవాళ్లకే తెలుస్తుంది.

పేస్టు సంగతి చెప్పాలి. దానికీ ఒక చిట్కా ప్రచారంలో ఉంది. పేస్టును చుక్కలు చుక్కలుగా పెట్టి ఆరబెట్టి, గట్టిపడ్డాక మాత్రల్లా నమలాలట. మా అక్క కూతురు అల్యూమినియం రేకు మీద వరసగా పెట్టింది. అది సెప్టెంబరు, రోజూ ముసురు. వారం గడిచినా వేలితో తాకితే అంటుకుంటూనే ఉన్నాయి. నేను ఎర్ర పళ్ళపొడి రెండు డ్రామ్‌ల సీసాల్లో నింపుకున్నాను. ఆరబెట్టే పనిలేదు, గడ్డకట్టే భయం లేదు. పైగా రంగు ఎర్రగా ఉంటుంది కాబట్టి దేనితోనూ పొరపడం. ఈ రంగు ఎందుకంటున్నానో తర్వాత చెప్తాను.

తిండికి సీసాలు పనికిరావు, కవర్లు కావాలి. బేగంబజార్‌లో ప్లాస్టిక్ కవర్లు కిలోల లెక్కన తూచి ఇస్తారు. తిండి పదార్థాలకు పనికొచ్చేవి అని అడిగి, కాస్త మందంగా ఉన్నవి, అరచేతి సైజువి, అంతకు రెట్టింపువి తీసుకున్నాను. అదే వీధిలో చేత్తో నొక్కే సీలింగ్ మిషన్ కూడా కొన్నాను. జిప్‌లాక్ కవర్లు వాడొచ్చు కదా అంటారు. రోజంతా మళ్లీ మళ్లీ చేయి పెట్టే పల్లీలు, ఎండుద్రాక్ష లాంటివాటికి జిప్‌లాకే బాగుంటుంది. ఒక పూటకు ఒక పొట్లం అనుకున్నప్పుడు జిప్ వల్ల బరువు, ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు.

సీలింగ్ మిషన్ చూడటానికి ఆటవస్తువులా ఉంటుంది గానీ దాని మర్యాదలు దానికున్నాయి. నంబరు ఎక్కువ పెడితే కవరు కాలి తెగుతుంది, తక్కువ పెడితే అంటుకున్నట్టే ఉండి లాగితే విడిపోతుంది. మీ కవరు మందానికి ఏ నంబరో రెండు మూడు ఖాళీ కవర్ల మీద చూసుకోవాలి. నొక్కగానే లైటు వెలుగుతుంది, ఆరిపోతుంది. ఆరగానే పైకెత్తకూడదు. ఇంకో రెండు అంకెలు లెక్కపెట్టి ఎత్తాలి. వేడిమీదే ఎత్తితే సీలు జీడిపాకంలా సాగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కవరు మూతి దగ్గర పొడి అంటకూడదు. కారంపొడి రేణువు ఒక్కటి ఆ గీత మీద పడినా అక్కడ సూదిమొనంత సందు మిగులుతుంది, రెండు రోజుల్లో బ్యాగంతా వెల్లుల్లి వాసన. అందుకని పాత కిరాణా కొట్ల పద్ధతిలో న్యూస్‌పేపరుకు బదులు తెల్ల కాగితాన్ని గరాటులా చుట్టి, దాని కొస కవరు అడుగుదాకా దించి, పొడి పోసి, గరాటును నెమ్మదిగా పైకి తీసేదాన్ని. తర్వాత కవరును బల్ల అంచుకు ఆనించి, అరచేత్తో గాలి మొత్తం బయటికి నెట్టి, అప్పుడు సీలు. గాలి తీయడం అందం కోసం చేసే పని కాదని పైకి వెళ్లాక తెలుస్తుంది.

ఇక తిండి. సాయంత్రం ఊరు చేరితే రాజ్మా, అన్నమో రొట్టెలో ఉంటాయి. మేం చూసుకోవాల్సింది మధ్యాహ్నం, మధ్యలో నోట్లో వేసుకునేవి. పొద్దున ఇంటివాళ్ల దగ్గర మరిగే నీళ్లు ఫ్లాస్కులో పోయించుకుంటే మధ్యాహ్నం దాకా వేడిగా ఉంటాయి. ఆ నీళ్లు పోస్తే తయారైపోయేది కావాలి.

మొదట అనుకున్నది ఉప్మా రవ్వ. దోరగా వేయించి, తాలింపు కలిపి, వేడినీళ్లు పోసి మూతపెట్టడం. ఇంట్లో ప్రయత్నించాం, ఫ్లాస్కు నీళ్లు నాలుగు గంటలాగి పోస్తే రవ్వ పైన మెత్తగా, నడుమ పంటికి తగులుతూ ఉంది. ఇక్కడే ఇలా ఉంటే అక్కడ ఇంకా కష్టం. ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. 2,500 మీటర్ల దగ్గర మరిగే నీళ్ల వేడి 92 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. అంటే ఫ్లాస్కులోకి పోసేటప్పుడే ఇక్కడికంటే చల్లారిన నీళ్లన్నమాట. రవ్వ వదిలేసి అటుకులకు దిగాం. అటుకులు ఒకసారి ఉడికి, నలిగి, ఎండినవే కాబట్టి గోరువెచ్చటి నీళ్లకు కూడా మెత్తబడతాయి. చివరికి చన్నీళ్లకైనా.

మందం అటుకులు డెబ్బై గ్రాములు, వేయించిన పల్లీలు ఇరవై గ్రాములు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు బాగా చల్లారబెట్టి కలిపి, ఉప్పు, పసుపు, పులుపుకు చిటికెడు నిమ్మ ఉప్పు. ఇది ఒక పూట. నాలుగు వందల కేలరీల దాకా వస్తుంది. తాలింపు వేడిగా ఉండగా కవర్లో పోస్తే లోపల ఆవిరి చెమ్మ పట్టి రెండో రోజుకే పల్లీలు మెత్తబడతాయి. పళ్లెంలో పరిచి ఫ్యాను కింద గంట ఆరబెట్టాకే కవర్లోకి. తినేటప్పుడు కవరు పై అంచు పూర్తిగా తెగిపోకుండా, ఒక కొస అంటుకుని ఉండేలా కత్తిరించి, నీళ్లు పోసి, అంచు మడిచి క్లిప్పు పెట్టి, మంకీ క్యాప్‌లో పది నిమిషాలు ఉంచితే సరి. నీళ్లు పోసే కవరు వేడికి తట్టుకునే రకమేనా అని కొనేటప్పుడే అడగాలి. సందేహం ఉంటే స్టీలు గ్లాసులోకి వంపుకోవడం మేలు.

పొడుల దగ్గర అత్తయ్యగారితో చిన్న యుద్ధమే అయింది. ఆవిడ కందిపొడి, కరివేపాకు పొడి, వెల్లుల్లి కారం ఒక్కొక్కటి పావుకిలో చేసి డబ్బాల్లో పెట్టారు. నేను పూటకు పది గ్రాముల చొప్పున చిన్న పొట్లాలు కడుతుంటే పక్కన కూర్చుని చూసి, "ఇదేం పిసినారితనమమ్మా? పిల్లికి భిక్షం పెట్టినట్టు!" అన్నారు. పది గ్రాములంటే చెంచాన్నర. తూచి, ఆవిడ ముందే అన్నంలో కలిపి చూపించాను. "సరే, సరిపోతుందిలే. కానీ అక్కడ ఎవరైనా అడిగితే?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒక పెద్ద పొట్లం అదనంగా కట్టాను. నిజంగానే అడిగారు. ఓస్లాలో మేం దిగిన ఇంటావిడ కందిపొడి వేలితో రుచి చూసి, రాజ్మాలో కలుపుకుని, ఇంకొంచెం ఇమ్మంది.

నెయ్యికి ముందు చుక్కల సీసానే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, హైదరాబాద్‌లో నూనెలా కదిలే నెయ్యి అక్కడ పొద్దున్నే రాయిలా ఉంటుంది. కొబ్బరినూనె అయితే 24 డిగ్రీలకే పేరుకుంటుంది. చుక్కల రంధ్రంలోంచి ఇవి రావాలంటే చంకలో పెట్టుకుని పొదగాలి. ఈ రెంటికీ మూతి వెడల్పుగా ఉన్న, ముఖానికి రాసుకునే క్రీము డబ్బాలు కడిగి వాడాను. పుల్లతో గీరి తీసుకోవచ్చు. నెయ్యి మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే, బరువు లెక్కలో దాన్ని మించిన తిండి లేదు. కొవ్వు గ్రాముకు 9 కేలరీలిస్తుంది. పిండిపదార్థమైనా, మాంసకృత్తులైనా 4 మాత్రమే. ఇరవై గ్రాముల నెయ్యి అంటే దాదాపు 180 కేలరీలు. అదే శక్తి యాపిల్ పండ్ల రూపంలో మోయాలంటే మూడు వందల గ్రాముల పైనే.

ఎనర్జీ బార్లా, సున్నుండలా అన్న వాదన మా ఇద్దరి మధ్య రైలెక్కేదాకా నడిచింది. మా అక్క కూతురు గచ్చిబౌలి ఆఫీసులో బార్లు తిని బతికే మనిషి. "పిన్నీ, దీని మీద ప్రొటీన్ ఎంతో రాసుంది. నీ సున్నుండ మీద ఏముంది?" అని. సున్నుండలో మినప్పప్పు, బెల్లం, నెయ్యి ఉన్నాయని దానికి తెలియక కాదు. బార్లకున్న సుఖం, వేడికీ చలికీ పెద్దగా మారవు. సున్నుండ ఇక్కడ నెయ్యి కారుస్తుంది, అక్కడ గట్టిపడి పంటికి పరీక్ష పెడుతుంది. నేను ఇరవై అయిదు గ్రాముల చిన్న ఉండలు చేసి, ఒక్కొక్కటి బటర్ పేపర్‌లో చుట్టి తెచ్చాను. పెద్ద ఉండ అయితే సగం కొరికి మిగతా సగం ఎక్కడ పెట్టాలో తెలియదు. చిన్నది ఒక్క గుటకలో అయిపోతుంది. మూడో రోజు నుంచి అదీ సున్నుండలే అడిగింది.

మందులను మాత్రం చిట్టి సీసాల్లోకి మార్చలేదు. తేలికవుతుందని మాత్రలన్నీ రేకులోంచి ఒలిచి ఒకే డబ్బాలో పోసుకునేవాళ్లను చూశాను. చెమ్మ తగిలితే కొన్ని మాత్రలు పాడవుతాయి. అంతకంటే, చీకట్లో తెల్ల మాత్రలన్నీ ఒకటే. స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న వైపు నా దగ్గర ఉంచుకుని మిగతాది ఇంట్లో పెట్టాను. పేరు తెగిపోయిన ముక్క వెనక రాసి అంటించాను. బీపీ మాత్రలు మాత్రం రెండు రోజులకు అదనంగా, అదీ బ్యాగులో కాకుండా నడుము పౌచ్‌లో. ఆ దారిలో కొండచరియ విరిగితే జీపు ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు. తగ్గించడానికి అన్నీ ఉన్నాయి, వీటిని తగ్గించొద్దు.

ఓఆర్‌ఎస్ కూడా విప్పి పంచుకునే వస్తువు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం లీటరు నీళ్లకు 20.5 గ్రాముల పొడి. పెద్ద ప్యాకెట్టును కళ్లతో నాలుగు భాగాలు చేస్తే ఒక దాంట్లో ఉప్పు ఎక్కువ, ఒక దాంట్లో తక్కువ పడొచ్చు. అందుకే 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లే కొన్నాను. మందుల షాపులో ఓఆర్‌ఎస్ అనగానే రంగురంగుల తియ్యటి డబ్బాలు చేతిలో పెట్టే రోజులుండేవి. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, ఆ కొలతకు సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆహార భద్రత సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. అయినా ప్యాకెట్టు వెనక చదివి కొనడం నాకు అలవాటు.

రంగు సంగతి అన్నాను కదా. సీలు చేసిన పొట్లాలన్నీ బల్ల మీద పెడితే ఉప్పు, పాలపొడి, పంచదార పొడి, వంటసోడా, అన్నీ తెల్లగా ఒకేలా ఉన్నాయి. పేరులేని తెల్లపొడి పొట్లాలు వరసగా సర్దుకుని రైలెక్కితే చెకింగ్ వాళ్లకు ఏం సమాధానం చెప్తాం? మార్కర్‌తో ప్లాస్టిక్ మీద రాస్తే కాస్త నూనె చెయ్యి తగిలినా చెరిగిపోతుంది. దెబ్బలకు వేసే కాగితం ప్లాస్టరు, మైక్రోపోర్ అంటారు, అది ప్రతి పొట్లానికీ ముక్క అంటించి, బాల్‌పెన్నుతో పేరు, ఎన్ని నీళ్లు పోయాలో రాశాను. చలికీ, చెమ్మకూ ఊడలేదు. ప్లాస్టరు ఎలాగూ ప్రథమ చికిత్స సంచిలో ఉండాల్సిందే కాబట్టి అదనపు బరువూ లేదు.

అంతా అయ్యాక మళ్లీ తూచాం. నాలుగు కిలోల పైన ఉన్నది రెండున్నరకు కాస్త తక్కువ. దానిలో తిండే రెండు కిలోల దాకా. నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఢిల్లీ, డెహ్రాడూన్ మీదుగా ట్రెక్కుకు బేస్ అయిన సాంక్రీ ఊరు చేరేదాకా దానిలోంచి ఏమీ తీయలేదు. దారి తిండి విడి సంచిలో, మామూలు పులిహోర, చపాతీలే.

పైకి వెళ్లేకొద్దీ గాలి తీసిన కవర్లకూ తీయనివాటికీ తేడా కనిపించసాగింది. హర్ కీ దూన్ 3,500 మీటర్ల పైన ఉంటుంది. అక్కడ గాలి ఒత్తిడి మన హైదరాబాద్‌లో ఉండేదాంట్లో సుమారు 70 శాతమే. కవర్లో చిక్కుకున్న గాలి ఆ మేరకు ఉబ్బుతుంది. మా అక్క కూతురు కొన్న బిస్కట్ ప్యాకెట్లు బిగుసుకుని పేలడానికి సిద్ధంగా ఉంటే, అటుకుల పొట్లాలు ఇటుకల్లా చదునుగా పడున్నాయి. సీసాలదీ అదే కథ. క్రీము సీసా మూత తిప్పగానే చుక్కల రంధ్రంలోంచి దానంతటదే పాకుతూ బయటికొచ్చింది. పైకి వెళ్లే రోజుల్లో సీసా నిటారుగా పట్టుకుని, మూత సగం వదులు చేసి, గాలి పోయాక తెరిస్తే ఒక్క చుక్క వృథా కాలేదు. దిగేటప్పుడు దీనికి తలకిందులు, సీసా బుగ్గలు లోపలికి నొక్కుకుపోతాయి.

ఖాళీ కవర్లన్నీ ఒక పెద్ద జిప్‌లాక్‌లో మడిచి వెనక్కి తెచ్చాం. గోవింద్ నేషనల్ పార్కు లోపలి దారి అది, చెత్త వేయడానికి డబ్బా వెతుక్కోవడం దండగ. ఇద్దరి వారం రోజుల చెత్త అంతా కలిపి ఒక గుప్పెట్లో పట్టింది.

ఇంటికొచ్చాక మిగిలినవి తూచి పాత కాగితం మీదే ఎదురుగా రాశాను. సన్‌స్క్రీన్ ట్యూబు చివరిదాకా అయిపోయింది. పళ్ళపొడి మూడో వంతు మిగిలింది, ఆ చలిలో రాత్రిపూట ఎవరు తోముకున్నారో అడక్కండి. నిమ్మ ఉప్పు ఇంకాస్త పడాల్సింది. కొబ్బరినూనెలో సగం చాలు. ఉప్పు పొట్లం అసలు విప్పనే లేదు, ఆ ఊళ్లలో ఉప్పు అడిగితే కాదనే ఇల్లు లేదు. వచ్చేసారి జాబితాలోంచి ఉప్పు కొట్టేసి, ఆ బరువుకు వెల్లుల్లి కారం రాశాను.